నికర నిమిషాలు

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్న ఏడాది, సోమవారం నుంచి గురువారం దాకా, నాలుగూ పదికి బస్సు దిగేది. నాలుగూ ముప్పై ఐదుకి మేమిద్దరం వంటింటి బల్ల దగ్గర హోంవర్కుకి కూర్చునేవాళ్ళం. ఆ మధ్య ఇరవై ఐదు నిమిషాల్లో చేతులు కడుక్కోవడం, పాలు తాగడం, ఒక అరటిపండు, బూట్లలోంచి ఇసుక దులపడం. ఈ వేళలు నేను గుర్తు తెచ్చుకుని చెప్పడం లేదు. అప్పుడే రాసిపెట్టుకున్నాను.

ఆమెది ఫ్రెంచి ఇమ్మర్షన్ క్లాసు. అక్కడ ఫ్రెంచిని విడిగా ఒక పాఠంలా చెప్పరు. లెక్కలు, మొక్కల గురించి, వాతావరణం గురించి, ఆఖరికి బాత్రూముకి వెళ్తానని చెయ్యెత్తి అడగటం కూడా ఫ్రెంచిలోనే. మోరిస్‌విల్ దగ్గర మాకు అందుబాటులో అలాంటి క్లాసు ఒక్కటే ఉంది, సీటు లాటరీలో వస్తుంది. వచ్చిన రోజు మా ఆవిడ ఆఫీసు కాల్ మధ్యలోనే మెట్లు దిగి వచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేసింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆవిడ అలా ఊపడం అదొక్కసారే. ఆ సీటుకి ఒక నియమం ఉంది. పిల్ల ఏ కారణం చేతనైనా బయటికి వచ్చిందంటే ఇక మళ్ళీ లోపలికి తీసుకోరు.

ఇంట్లో ఫ్రెంచి ఎవరికీ రాదు. బడి తెరిచే ముందు తల్లిదండ్రులను పిలిచి టీచర్ మాట్లాడింది. సెనెగల్ నుంచి వచ్చిందట, పొడుగు మనిషి, నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడుతుంది. మీకు ఫ్రెంచి రానక్కర్లేదు, రోజూ ఒక చిన్న పుస్తకం ఇంటికి పంపుతాను, పిల్ల పైకి చదువుతుంటే పక్కన కూర్చోండి, ఇరవై నిమిషాలు, ఎన్ని నిమిషాలు చదివిందో కాగితం మీద వేసి సంతకం పెట్టండి, అంతే, అంది. చుట్టూ ఉన్న తండ్రుల మొహాల్లో కొంచెం బెదురు కనిపించింది. నాకు మాత్రం సంతోషం వేసింది. పక్కన కూర్చోవడం, నిమిషాలు వెయ్యడం. ఈ దేశం వచ్చాక నాకు చేతనైన పని ఒకటి ఎవరైనా అప్పజెప్పడం అదే మొదలు.

నేను చదివింది ఇంటర్ సగం. పద్దెనిమిదో ఏట మిర్చి యార్డులో ఒక కొట్లో కాటా దగ్గర చేరి, ఇరవై ఒక్క సంవత్సరాలు అక్కడే ఉన్నాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాల బండి మీద అట్ట ఊడిన గణితం పుస్తకాలు తెచ్చుకుని, కాటా ఖాళీగా ఉన్నప్పుడు బస్తాల మీద కూర్చుని నా అంతట నేను చేసుకున్నాను. మూడంకెల సంఖ్యని మూడంకెల సంఖ్యతో మనసులో హెచ్చవేయడం నా ఇరవై రెండో ఏటికి పట్టుబడింది. ముప్పై తొమ్మిదో ఏట పెళ్ళయింది. మా ఆవిడకి అప్పటికే ఇక్కడ ఉద్యోగం. నేను ఆవిడ వీసా మీద వచ్చాను. వచ్చాక నాకున్న పని వంట, కారు, పాప.

కాటా దగ్గర నా పని ఇది. బస్తా తూగిన బరువు ఒకటి ఉంటుంది. అందులోంచి గోనె బరువు తియ్యాలి, తేమకి కొంత తియ్యాలి, తాలు కాయలకి, ఊడిన తొడిమలకి కొంత తియ్యాలి. ఇదంతా తరుగు. తరుగు పోగా మిగిలింది నికరం. పుస్తకంలో పడేది నికరమే. తూగిన బరువు వేసిన గుమాస్తాని ఎవరూ రెండో రోజు పనిలోకి రానివ్వరు. ఇరవై ఒక్క సంవత్సరాలు రోజుకి వందల బస్తాలు అలా వేశాక, మనిషి చెయ్యి ఇంకోలా వెయ్యదు.

అందుకని నిమిషాలకి కూడా నేను నికరమే వేశాను.

ఫోన్‌లో గడియారం పెట్టేవాణ్ణి. పాప మొదటి మాట చదవగానే నొక్కేవాణ్ణి. మంచినీళ్ళకి లేస్తే ఆపు. పెన్సిలు కింద పడితే ఆపు. కిటికీలోంచి ఉడతను చూస్తే ఆపు. ఒక నోటు పుస్తకం గీతలు గీసుకుని పెట్టుకున్నాను: మొదలు, ముగింపు, తరుగు, నికరం. తరుగు గడిలో కారణం ఒక్క అక్షరంతో. నీళ్ళకి ‘నీ’, పెన్సిలుకి ‘పె’, కబుర్లకి ‘క’. మిగతా హోంవర్కుతో కలిపి గంట సేపు బల్ల దగ్గర కూర్చున్నా, చదివిన నికరం పదకొండు వచ్చేది, ఒక్కోసారి పదమూడు, తొమ్మిది. అదే బడి కాగితం మీద ఎక్కించి కింద సంతకం పెట్టేవాణ్ణి. ఇరవైకి తక్కువగా ఉందని నాకు తెలుసు. కానీ తక్కువ పండిన ఏడు తక్కువే తూగుతుంది. పెరుగుతుందిలే, ఇంకా ఆరేళ్ళ పిల్ల, అనుకున్నాను.

తరుగులో పెద్ద భాగం ‘క’. పాప ఒక పేజీ చదివి ఆగేది. ఆగి, వేలు ఆ పేజీ మీదే ఉంచి, నా వైపు తిరిగేది.

“నాన్నా, ఇప్పుడు ఈ స్నెయిల్ ఏం చేసింది తెలుసా?”

“నాకెలా తెలుస్తుంది? చదువు.”

“చదివాను కదా! అది మార్కెట్‌కి వెళ్ళింది. వాళ్ళ అమ్మ చెప్పింది, డోంట్ బి లేట్ అని. కానీ అది స్నెయిల్ కదా, లేట్ అవుతుంది. సో వెజిటబుల్స్ అన్నీ అయిపోయింది.”

“అయిపోయాయి.”

“అయిపోయాయి. ఓన్లీ ఒక ఉల్లిపాయ ఉంది. స్నెయిల్‌ని మనం ఏమంటాం నాన్నా?”

“నత్త.”

“నత్త,” అని తనలో తను రెండుసార్లు అనుకుని, “నత్తకి ఉల్లిపాయ వద్దు. కళ్ళు మండుతుంది. దానికి కళ్ళు హార్న్స్ మీద ఉంటాయి తెలుసా?” అనేది.

నేను గడియారం ఆపి వినేవాణ్ణి. ఆ నత్త ఇంటికి చేరేదాకా, ఉల్లిపాయ చారులో పడేదాకా వినేవాణ్ణి. విని, ‘క, 6’ అని తరుగు గడిలో వేసేవాణ్ణి.

ఒక్క చోట మాత్రం నేను ఆమెకి నిజంగా అక్కరకొచ్చాను. ఫ్రెంచివాళ్ళు ఎనభైని నాలుగిరవైలు అంటారు. తొంభై అంటే నాలుగిరవైల పది. తొంభై తొమ్మిది అంటే నాలుగిరవైల పంతొమ్మిది. పాప కాగితం నెట్టేసి, “దిస్ ఈజ్ సో సిల్లీ నాన్నా,” అంది. మా నాయనమ్మ పిడకలు ఇరవైల లెక్కనే ఎంచేదని, నూరు అన్న మాట ఆవిడ వాడేదే కాదని, ఐదిరవైలు అనేదని చెప్పాను. బల్ల మీద శనగలు ఇరవై చొప్పున కుప్పలు పోసి చూపించాను. పాప నాలుగు కుప్పలూ ఒక్కొక్కటే వేలితో తాకుతూ ఫ్రెంచిలో పైకి ఎంచింది. “నీ గ్రాండ్‌మా ఫ్రెంచా?” అని అడిగింది. ఆ రోజు తరుగు పంతొమ్మిది నిమిషాలు.

మిగతా రోజంతా ఇంట్లో మాట ఉండేది కాదు. మా ఆవిడ ఇంటి నుంచే పని చేసేది, పై గదిలో, తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు. నవ్వు వినపడేది, దేనికి నవ్విందో వినపడేది కాదు. పన్నెండుంపావుకి నేను కంచంలో అన్నం పెట్టి తీసుకెళ్ళి బల్ల చివర పెడితే, స్క్రీన్ మీంచి చూపు తియ్యకుండా బొటనవేలు ఎత్తి చూపించేది. మంచి మనిషే. ఆవిడ జీతం మీద, ఆవిడ వీసా మీద మేం ముగ్గురం ఉన్నాం, ఆ బరువు నాకు తెలుసు. కిందికి వచ్చి గిన్నెలు కడిగి, చెరువు చుట్టూ ఉన్న కాలిబాట మీద రెండు చుట్లు తిరిగేవాణ్ణి. ఒక చుట్టు పదిహేడు వందల అడుగులు, నా అడుగులతో. ఎదురొచ్చేవాళ్ళు చెయ్యి ఊపేవాళ్ళు. నేనూ ఊపేవాణ్ణి. ఒక వారం నేను పెద్దవాళ్ళతో మాట్లాడిన మాటలు లెక్కపెట్టాలని మొదలుపెట్టి, మూడో రోజుకి మానేశాను. వచ్చిన సంఖ్య చూడబుద్ధి కాలేదు.

ఫిబ్రవరిలో బడి నుంచి మెయిల్ వచ్చింది. మా ఆవిడ ఫోన్ పట్టుకుని కిందికి వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఆవిడ కిందికి రావడమంటేనే ఏదో జరిగిందన్నమాట.

“ఏమండీ, ఇదేంటి? అమ్మాయి రీడింగ్ లాగ్ క్లాసులో అందరికంటే తక్కువట. సపోర్ట్ ఎట్ హోమ్ సరిపోవట్లేదేమో, ప్రోగ్రాం ఈ పిల్లకి సరైన ఫిట్టో కాదో డిస్కస్ చెయ్యాలి, మీటింగ్‌కి రమ్మంటున్నారు.”

నేను చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాను. అటాచ్‌మెంట్‌లో నా చేతిరాతే ఉంది.

“పదకొండు, పదమూడు, తొమ్మిది, పన్నెండు... రోజూ గంట కూర్చుంటారు కదండీ మీరిద్దరూ? కాల్స్ మధ్యలో నేను పైనుంచి వింటూనే ఉంటాను కదా!”

“కూర్చుంటాం. అది మొత్తం. నేను నికరం వేశాను.”

“నికరం అంటే?”

“మధ్యలో లేచినవీ, మాట్లాడినవీ తీసేశాను. తరుగు.”

ఆవిడ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. నవ్వు వచ్చి ఆపుకుందో, కోపం వచ్చి ఆపుకుందో నాకు తెలియలేదు.

“ఇది మిర్చి కాదు కదండీ!” అంది. “వాళ్ళు ట్వెంటీ అడిగితే ట్వెంటీ వెయ్యాలి. ఇప్పుడు వాళ్ళు ఫిట్ కాదు అంటే ఏం చేస్తాం? ఒకసారి బయటికొస్తే మళ్ళీ తీసుకోరు. దాని ఫ్రెండ్స్ అందరూ అక్కడే ఉన్నారు. వేరే స్కూల్లో మళ్ళీ మొదట్నుంచి... మీటింగ్ రోజు నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది, కదలలేను. మీరే వెళ్ళాలి. అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.”

పై మెట్టు దగ్గర ఆగి, “ఈ వారం నుంచైనా ట్వెంటీ వెయ్యండి,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బస్ స్టాప్‌లో, అదే క్లాసులో చదివే పిల్లాడి తల్లితో ఈ మాట కదిపాను. కరీంనగర్ వైపు ఆవిడ, మా వీధి చివర ఇల్లు. నన్ను అన్నా అని పిలుస్తుంది.

“అయ్యో అన్నా, అవి ఎవరు చూస్తరు? నేనైతే నెలాఖరుకి కూర్చొని ట్వెంటీ, ట్వెంటీ, ట్వెంటీ అని పై నుంచి కింది దాకా వేసేస్త. ఒకే పెన్నుతో వేస్తే దొరికిపోతమని రెండు రంగుల పెన్నులు వాడుత.”

“మరి వాడు చదువుతాడా?”

“వాడా? వాడు ఇంటికి రాంగనే సోఫా మీద తలకిందుల వేలాడ్తడు. చదివితే చదివినట్టు, లేకపోతే లేదు.” అని నవ్వి, నా మొహం చూసి ఆపింది. “నువ్వు నిజంగా గడియారం పెట్టి లెక్కగట్టినవా అన్నా? రోజూనా?”

రోజూ, అన్నాను. ఆవిడ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు వచ్చింది.

ఆ వారం నేను ఇరవై వేశాను. సోమవారం ఇరవై, మంగళవారం ఇరవై, బుధవారం ఇరవై, గురువారం ఇరవై. నోటు పుస్తకంలో మాత్రం అసలు లెక్క అసలు లెక్కగానే ఉంది. కాగితం మీద నాలుగు ఇరవైలు వరసగా చూస్తే ఎవరివో చేతిరాతలా అనిపించాయి. కానీ పాప సీటుని మించి ఏముంది అనుకుని సంతకం పెట్టాను.

మీటింగ్ రోజు క్లాసులో పిల్లలు లేరు, ఆటకి వెళ్ళారు. పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ ఒక్కటే ఉంది. టీచర్ దానిలో కూర్చోలేదు. తనూ నాతో పాటు పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది. బల్ల మీద మా కాగితాలు పరిచింది. నా ఇంగ్లీషు కూడబలుక్కుని మాట్లాడే ఇంగ్లీషు. ఆమె నాకంటే నయం, కానీ ఆమె కూడా ఒక్కో మాట దగ్గర ఆగి వెతుక్కుంటుంది. అందువల్ల నాకు భయం కొంచెం తగ్గింది.

ఆమె సెప్టెంబరు నుంచి వేలు పెట్టి చూపించుకుంటూ వచ్చింది. పదకొండు, తొమ్మిది, పన్నెండు, ఎనిమిది. వేలు కిందటి వారం దగ్గర ఆగింది.

“ఇక్కడ ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై,” అంది. “ఏం జరిగింది?”

ఇంటి దగ్గర ఏమేం చెప్పాలో వరసగా అనుకుని వచ్చాను. అదంతా పక్కన పెట్టాను.

“అది నిజం కాదు,” అన్నాను. “మీ మెయిల్ చూసి భయపడి వేశాను.”

“మరి మిగతావి?”

“మిగతావి నిజం. ప్రతి నిమిషం.”

 నేను సంచిలోంచి నోటు పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. కిందటి వారం పేజీ తెరిచాను. మొదలు, ముగింపు, తరుగు, నికరం. గీతలు ఏమిటో చెప్పాను. తెలుగు అక్షరాలు ఆమెకి తెలియవు కాబట్టి ఒక్కొక్కటీ చెప్పాల్సి వచ్చింది. ఇది నీళ్ళు. ఇది పెన్సిలు. ఆమె కొన్ని పేజీలు తిప్పి, అన్నిటికంటే ఎక్కువసార్లు ఉన్న అక్షరం మీద వేలు పెట్టి, ఇదేమిటి అని అడిగింది.

“మాటలు,” అన్నాను. “చదవడం ఆపి నాతో మాట్లాడుతుంది.”

“దేని గురించి?”

“కథ గురించి. పేజీ అయ్యాక, అందులో ఏం జరిగిందో నాకు చెబుతుంది.”

“ఏ భాషలో?”

“మా భాషలో. కొంచెం ఇంగ్లీషు కలిపి.”

“మీకు ఫ్రెంచి వచ్చా?”

“రాదు.”

“కిందటి వారం ఈ అక్షరం మొత్తం ఎంత?”

ఆరు, ఐదు, తొమ్మిది, నాలుగు. ఇరవై నాలుగు, అన్నాను. ఆమె పెన్ను తీసుకుని, కాగితం మీద తనూ కూడి చూసుకుంది. ఇరవై నాలుగే వచ్చింది.

“ఇవి మీరు తీసేశారు,” అంది.

“చదవలేదు కదా అప్పుడు.”

ఆమె పెన్ను కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలబోయింది. పిల్లల కుర్చీ, వాలడానికి వీల్లేదు. ముందుకే కూర్చుని చెప్పింది. క్లాసులో కొందరు గబగబా చదివేస్తారట, ఏం చదివావని అడిగితే బిక్కమొహం వేస్తారట. మా అమ్మాయికి ప్రతి కథా అర్థమవుతుందట. ఎక్కడినుంచి వస్తోంది ఇది, ఇంట్లో ఎవరూ చదివించడం లేదు కదా అని తను ఇన్నాళ్ళూ అనుకుందట. ఆ నిమిషాలు లెక్కలోకి వస్తాయి అంది. అవి కూడా చదువే అంది.

నాకు ఎంతో తేలికగా అనిపించింది. సీటు నిలబడిందనుకున్నాను. అప్పటికి నా ధ్యాసంతా దాని మీదే, ఆమె చెప్పబోయే రెండో మాట మీద లేదు.

అర్థం చేసుకోవడం బాగుంది కానీ పైకి చదవడం నెమ్మదిగా ఉందని ఆమె అంది. తప్పు చదివితే సరిదిద్దేవాళ్ళు ఇంట్లో లేరు, అది మీ తప్పు కాదు. బడి అయ్యాక సోమవారం నుంచి గురువారం దాకా ఇక్కడే ఒక గంట చదివే గుంపు నడుస్తుంది. ఇమ్మర్షన్‌లోనే చదివిన ఐదో తరగతి పిల్లలు ఒక్కొక్క చిన్నపిల్ల పక్కన కూర్చుని వింటారు. ఒక చోటు ఖాళీ ఉంది. మీరు ఒప్పుకుంటే, ఇంటివాళ్ళు సాయం తీసుకున్నారని ప్రిన్సిపాల్‌కి రాస్తాను, ఈ విషయం ఇక్కడితో అయిపోతుంది. ఒప్పుకోకపోతే వేసవికి ముందు మళ్ళీ చూస్తారు, అప్పుడేం అంటారో నా చేతిలో లేదు.

“హోంవర్కు?” అన్నాను.

“అదీ అక్కడే అయిపోతుంది. ఇంటికి వచ్చాక ఆడుకోవచ్చు.”

“ఇంట్లో నేనేం చెయ్యాలి మరి?”

“మీరేమీ చెయ్యనక్కర్లేదు,” అంది, నాకు మేలు చేస్తున్నట్టు. మేలే అది.

ఆ గుంపులో చేర్చే కాగితం నా వైపు తిప్పింది. ఇంకా పద్నాలుగు వారాలు, వారానికి నాలుగు గంటలు. యాభై ఆరు. నాకు అడగకుండానే మనసులో లెక్క వచ్చేస్తుంది, అదొక జబ్బు. రేపు సంతకం పెట్టి పంపుతానని చెప్పి లేచాను. ఆమె తలుపు దాకా వచ్చింది. “మా అమ్మ సంతలో చేపలు అమ్మేది,” అంది హఠాత్తుగా. “నీళ్ళన్నీ కారిపోయాక గాని తూచనిచ్చేది కాదు.”  తల ఊపి వచ్చేశాను.

ఆ సాయంత్రం పాలు తాగుతుండగా పాపని అడిగాను.

“బడి అయ్యాక అక్కడే చదువుకుంటావా? పెద్ద పిల్లలు వింటారట.”

“యెస్!” అని కుర్చీలోంచి ఎగిరింది. “నా బెస్ట్ ఫ్రెండ్ కూడా వెళ్తుంది. అక్కడ స్నాక్ కూడా ఇస్తారు. రేపట్నుంచేనా?”

“సోమవారం నుంచి.”

“మరి నువ్వు? నువ్వు ఏం చేస్తావు ఇంట్లో?”

“నాకు బోలెడు పనులున్నాయి.”

“ఏం పనులు?”

“బట్టలు. కూరలు. తోట.”

“మనకి తోట లేదు నాన్నా.”

“వేస్తాను,” అన్నాను. ఆమె అరటిపండు తొక్క తీస్తూ, టొమాటోలు వద్దు, స్ట్రాబెర్రీలు వెయ్యమంది.

మా ఆవిడకి చెబితే, “అబ్బ, ఎంత హాయి! మీకు కూడా కాస్త రెస్ట్ దొరుకుతుంది,” అంది. నిజంగానే నా గురించే ఆలోచించి అంది. ఆ రాత్రి భోజనాల ముందే కాగితం మీద సంతకం పెట్టి, పాప బడికి తీసుకెళ్ళే ఎర్ర ఫోల్డర్‌లో ఉంచాను.

సోమవారం నాలుగూ పదికి బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోవడం కిటికీలోంచి చూశాను. ఐదుంపావుకి బడి దగ్గర కారు ఆపాను. పాప బ్యాగు ఈడ్చుకుంటూ పరుగెత్తి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. బెల్టు పెట్టుకుంటూనే ఆ పెద్ద పిల్ల జడకి ఎన్ని పూసలున్నాయో, స్నాక్ ఏం ఇచ్చారో, ఎవరు పాలు ఒలకబోశారో అన్నీ చెప్పింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

“ఇవాళ్టి కథేంటి?”

“ఒక కోడి. దాని బూటు పోయింది.”

“పోతే? ఏం చేసింది?”

“చెప్పేశాను కదా నాన్నా.”

“ఎవరికి?”

“ఆ అక్కకి. ఫ్రెంచిలోనే చెప్పాను, మొత్తం. ఒక్క మాట కూడా ఇంగ్లీష్ వాడలేదు. షి సెడ్ బ్రావో.”

“మొత్తమా?”

“మొత్తం.” అని, నా మీద జాలిపడి కాబోలు, “రేపు నీకు కూడా చెబుతాను, ఓకే? ఇప్పుడు టయర్డ్,” అని కిటికీకి తల ఆనించింది.

మంచిది, పడుకో అన్నాను. మర్నాడు నేను అడగలేదు, ఆమె మర్చిపోయింది. అది ఆరేళ్ళ పిల్ల తప్పు కాదు. ఒకసారి చెప్పిన కథ మళ్ళీ చెప్పడానికి ఎవరికైనా బలం ఉండదు.

ఏప్రిల్‌లో రెండో తరగతికి సీటు ఖాయమని ఉత్తరం వచ్చింది. పైకి చదవడంలో చాలా ముందుకు వచ్చిందని టీచర్ కింద రెండు వాక్యాలు చేత్తో రాసింది. మా ఆవిడ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి, పాపని ఎత్తుకుని తిప్పింది. ఆ వెనకనే పాప ఫ్రెంచిలో ఏదో పాట అందుకుంది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం, అర్థం ఇద్దరికీ తెలియదు. నాకు సంతోషంగానే ఉంది. ఆ సీటు కోసమే కదా ఇదంతా.

స్ట్రాబెర్రీ మొక్కలు నాలుగు తెచ్చి వెనక మెట్ల పక్కన నాటాను. వాటికి నీళ్ళు పొయ్యడానికి రెండు నిమిషాలు పడుతుంది. అది అయ్యాక నాలుగున్నరకల్లా కారు తీస్తాను. బడి పార్కింగ్‌లో, చివరి వరసలో ఆపితే, వాళ్ళు చదువుకునే గది కిటికీ కనిపిస్తుంది. అద్దం మీద వెలుగు పడి లోపల తలలు మాత్రమే కనిపిస్తాయి, ఏ తల మా పాపదో ఆ దూరం నుంచి చెప్పలేను. రేడియో పెట్టను. కిటికీ కొంచెం దించుకుని కూర్చుంటాను.

“ఐదుంపావుకి కదా పికప్, అంత ముందే ఎందుకు బయల్దేరతారు?” అని మా ఆవిడ ఒకసారి పై నుంచి కేకేసి అడిగింది.

ఆ వేళకి ట్రాఫిక్ ఉంటుంది, అన్నాను. మా ఇంటి నుంచి బడికి ఏడు నిమిషాల దారి.